పదహారు పళ్ల ఫ్రీవీల్

ఈ రోజు ఒక కాన్పుకు ఆలస్యంగా చేరాను. తప్పు పూర్తిగా నాదే.

నేను నిర్మల్‌లో నర్సును. పోయిన నెల సైకిల్ వెనక చక్రానికి కొత్త ఫ్రీవీల్, అంటే చెయిన్ పట్టి తిరిగే పళ్ల బిళ్ల, వేయించుకుంటుంటే షాపు యూసుఫ్ భాయ్ ముందే చెప్పాడు.

"నర్సమ్మా, ఇరవై రెండు పండ్లది ఏయించుకో. సాపు తొవ్వల జర నిదానమైతది గని, ఘాటు ఎక్కుడు అల్కగైతది."

నేను వినలేదు. ఆసుపత్రికి రోజూ వెళ్లేది చదును దారే కదా అని, వేగంగా పోయే పదహారు పళ్లది వేయించాను. పొద్దున్నే మా కాంపౌండర్ సైకిల్‌ను దాటిపోతుంటే గొప్పగా కూడా ఉండేది.

ఈ ఉదయం కొండ ఘాటు మీది పల్లె నుంచి లక్ష్మికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. ఆమెకిది తొలిచూలు. కాన్పుకు నేనే వస్తానని మాటిచ్చి ఉన్నాను. మొదటి మలుపు దగ్గరే ఎంత బలంగా తొక్కినా పెడల్ కదల్లేదు. దిగి, పైదాకా సైకిల్‌ను నెట్టుకుంటూ నడిచాను.

నేను వెళ్లేసరికి పక్కింటి ముసలమ్మ పురుడు పోసేసింది. ఆడపిల్ల. తల్లీబిడ్డలు క్షేమమే. ఆలస్యమైంది, ఏమనుకోకమ్మా అన్నాను.

"గట్లనకు నర్సమ్మా. నువ్వస్తవని నొప్పొచ్చినప్పుడల్ల తలుపు దిక్కే జూసిన. గంతే" అంది లక్ష్మి.

ఘాటు దిగాక చదును దారిలో సైకిల్ గాలిలా పోయింది. అప్పుడు నాకు తొందరేమీ లేదు.

రోజూ నడిచే దారినే చూసుకుని, ఎప్పుడో వచ్చే ఎక్కుడును మరిచినవాళ్లు నాలాగా ఇంకెవరైనా ఉంటే చెప్పండి.