గుండయ్య వాపసు పెట్టిన విస్తర్లు

మా శాలిబండలో అడవి శుభ్రతా సేవా సంఘం 1981 కార్తీకంలో పుట్టింది. అధ్యక్షులు విఠల్‌రావు గారు. ఆయన ఇంటి ముందు మోరీ పూడి ఏడాదైంది కానీ, దగ్గరి చెత్త ఆయన కంటికి ఆనదు. నేను సహాయ కార్యదర్శిని, అంటే బ్యానరు మోసేవాణ్ణి. సభ్యులం నలభై మందిమి. చెత్త ఏరేవాడు మాత్రం ఒక్కడే, మా పక్కింటి గుండయ్య.

గుండయ్య సర్కారు ప్రెస్సులో బైండరు. అచ్చయిన కాగితాలను వరుస తప్పకుండా పేర్చడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఆ చేతికి ఏది దొరికినా వరుసలో పడాల్సిందే. భార్య రాజమణి మోదుగాకులు కొని విస్తర్లు కుట్టి అమ్ముతుంది. ఏటా వనభోజనాల తర్వాత ఊరి బయటి రిజర్వు అడవిలో, ఆమె కుట్టిన విస్తర్లే ముళ్లకంపలకు వేలాడటం చూసి గుండయ్య సిగ్గుపడేవాడట. తిన్నవాళ్లకు రాని సిగ్గు కుట్టినామె మొగుడికి వచ్చింది. అందుకని ప్రతి ఆదివారం గోనెసంచితో బస్సెక్కిపోయి, ఒక్కడే ఏరి వచ్చేవాడు. దాన్ని మేం పిచ్చి అనేవాళ్లం. బ్యానరు రాయించాక సేవ అన్నాం.

మొదటి కార్యక్రమానికి లారీలో వెళ్లాం. బ్యానరు ఏ చెట్టుకు కట్టాలనే లొల్లికి గంట పట్టింది. విఠల్‌రావు గారు చీపురు పట్టారు, పేపరు ఫోటోలాయన ఫోటో తీశాడు, వెంటనే చీపురు దించారు. ఇంత కష్టపడ్డాక ఆకలి వేయదా? ఉసిరి చెట్టు కింద ఒకే బంతిగా కూర్చుని పులిహోర, వంకాయ కూర, బూరెలు లాగించాం. విస్తర్లు ఉన్నచోటే వదిలేసి, చేతులు కడుక్కుని, రెండడుగులు వెనక్కి జరిగి అదే వరుసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాం. జనానికి శుభ్రత ఎందుకు అబ్బడం లేదో విఠల్‌రావు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. గుండయ్య ఒక కొస నుంచి విస్తర్లు మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సంచిలో పెట్టుకుని లారీ వైపు నడిచాడు.

ఐదు నిమిషాల్లో ఫారెస్టు గార్డు ఆయన్ను రెక్క పట్టి మా ముందుకు తీసుకొచ్చాడు.

"సంచి నిండ మోదుగాకే. అడవిలకెల్లి ఆకు తీస్కపోతే కేసైతది, ఎరుకేనా?"

"తిన్న విస్తర్లు సార్. ఎంగిలియి."

"ఎంగిలైనా ఆకు ఆకే. నీ ఇంటామె ఏం పని చేస్తది?"

గుండయ్యకు అబద్ధం చేతకాదు. "విస్తర్లు కుడ్తది సార్."

గార్డు మొహం వెలిగిపోయింది. "ఇగ దొరికినవ్!"

కేసయితే ప్రెస్సు నౌకరీ పోతుంది. పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. గుండయ్య విఠల్‌రావు గారి వైపు తిరిగాడు. "రావ్‌సాబ్, ఒక్క మాట చెప్పుండ్రి. ఇవి మీరు తిన్నయే గద."

చెబితే, శుభ్రతా సంఘమే అడవిలో ఎంగిలాకులు పారేసిందని ఒప్పుకున్నట్టు. ఫోటోలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. విఠల్‌రావు గారు ఆకాశం చూశారు. మేమందరం ఉసిరికాయలు చూశాం. జన్మలో వాటిని అంత శ్రద్ధగా చూడలేదు.

గార్డుకే జాలేసింది. "సరే, పెద్దమనిషివి. ఎక్కడియి అక్కడ పెట్టి పో. కేసు రాయను."

ఏరిన చెత్తను మళ్లీ పారబోయాలి. గుండయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచిని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"ఎక్కడియి అక్కడనేనా సార్?"

"అవ్."

గుండయ్య బంతి చివరికి నడిచాడు. ఆఖరున తీసిన విస్తరి పైనే ఉంది, దాంతోనే మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే విప్పి, ఎవరిది వారి ముందు పరిచాడు. కారం పడని రామానుజం ముందు ఏరిపెట్టిన మిరపకాయలు వచ్చాయి. విఠల్‌రావు గారి ముందు సగం కొరికిన బూరె వచ్చింది. నా ముందు నా వంకాయ తొడిమలు వచ్చాయి. పెడుతూ గుండయ్య నా మొహం చూడలేదు.

గార్డు విఠల్‌రావు గారి ముందు ఆగాడు. "ఇప్పుడు ఆకు మీ దగ్గరున్నది. పర్మిట్ ఏది?"

"ఆకేంది భాయ్! అది నేను తిని ఇడిసిన విస్తరి!" అని అరిచారాయన. వెంటనే బంతి బంతంతా అదే పాట అందుకుంది.

గార్డు నవ్వాడు. "గట్లనా? అయితే ఎవలిది వాళ్లు పట్కపోండ్రి."

అప్పటికే గుండయ్య ఖాళీ సంచి దులిపి, మడిచి చంకన పెట్టుకుని బస్సు రోడ్డు వైపు వెళ్లిపోతున్నాడు. ఒక్కరమూ పిలవలేదు. లారీలో ఒళ్లో ఎంగిలి విస్తర్లతో వచ్చాం.

గల్లీలోకి వచ్చేసరికి రాజమణి గడపలో కూర్చుని విస్తరి కుడుతోంది. నా చేతిలోది చూసింది. "మా ఇంటాయనేడన్నా?"

"బస్సుల వస్తున్నడు."

"ఏం, లారీల జాగ లేకుండెనా?"

"ఉండె చెల్లె," అన్నాను. "పిలిచేటందుకు మాకే మొహం చెల్లలే."