ఎదురింటి దాకా సాగిన ఫ్రాన్సు ప్రయాణం

ఆ రోజుల్లో మా రామచంద్రపురం మనుషులు ఊరు కదలాలంటే ఓ కారణం ఉండాలి. పెళ్ళో, చావో, తిరపతి మొక్కో, కాకినాడ కోర్టులో వాయిదానో ఉంటే తప్ప అటక మీద పెట్టె కిందకి దిగేది కాదు. ఏ పనీ లేకుండా మరో ఊరు పోయి నాలుగు రోజులు తిని కూచుని వచ్చేవాళ్ళని చూస్తే "ఇంట్లో ఏవో గొడవలై ఉంటాయి" అనుకునేవారు. అలాంటి వీధిలో, నేను డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన వేసవిలో, మేం ఫ్రాన్సు దేశంలో ఓ పల్లెటూరికి సెలవులు గడపడానికి వెళ్తున్నామని అందరికీ చెప్పుకోవలసి వచ్చింది. నిజానికి అవి సెలవులు కావు. అమ్మ తమ్ముడు, మా చిన్న మామయ్య, అక్కడ చావుకి దగ్గరలో ఉన్నాడు. ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రాక ఇంటిల్లిపాదీ దానికి వేసవి సెలవులని పేరు పెట్టుకున్నాం.

అమ్మమ్మ పోయేనాటికి మామయ్య నడక కూడా సరిగ్గా రాని పిల్లాడట. అమ్మే చంకనేసుకుని పెంచింది. పెద్దయ్యాక యానాంలో పనికి వెళ్ళి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయి తండ్రి ఫ్రెంచి సైన్యంలో చేసిన మనిషి కావడంతో వాళ్ళకి ఆ దేశపు కాగితాలు ఉండేవి. అలా వెళ్ళి, ఓ పల్లెలో ద్రాక్షతోటల రైతు దగ్గర పనికి కుదిరాడు. (ఆ ఊరి పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. "మామయ్య ఊరు" అనేవాళ్ళం.) ఆ ఏడు చలికాలంలో మొదలైన దగ్గు ఊపిరితిత్తుల జబ్బని తేలింది. వేసవి దాటడం కష్టమన్నారని అత్త నాన్నకి ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. మామయ్య మాత్రం అమ్మకి ఫోన్ చేసి, "అక్కా, ఈ ఎండాకాలం మీరంతా ఇక్కడికి రండి. మా రైతుకో పాత ఇల్లుంది. పట్నం వాళ్ళు అద్దెకి తీసుకుని పిల్లాజెల్లాతో వచ్చి ఊరికే కూచుంటారు. మీకు అద్దె వద్దన్నాడు," అని నవ్వుతూ చెప్పాడు. అమ్మా నవ్వుతూనే వింది. ఫోన్ పెట్టేశాక పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు. ఈ సంగతులన్నీ తెలిసిన మా నానమ్మ (నాన్నకి అమ్మ, ఇంటికి పంచాంగం) తన ధోరణిలో తను, "ఊరికే కూచోడానికి సముద్రాలు దాటాలా? మనకి అరుగు లేదా?" అంది.

నాన్నకి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. గిన్నె అమ్మితే మూత ఊరికే ఇవ్వమని అడిగే బేరాల మధ్య బతికిన మనిషి, విమానం టిక్కెట్లని కూడా అలాగే బేరమాడాడు. రాజమండ్రిలో మనుషుల్ని గల్ఫుకి పంపే ఏజెంటు ఒకాయన ఉండేవాడు. మేం ఆయన్ని కువైట్ బాబాయి అనేవాళ్ళం. ఆయనకి ఏ దేశమైనా కువైట్ తరవాత వచ్చే స్టేషనే. "బొంబాయి దాకా రైల్లో పోండి. అక్కణ్ణుంచి గల్ఫు. అక్కడ ఎయిర్‌పోర్టులో ఓ పగలూ రాత్రీ కూచోవాలండి. తరవాత పారిస్. ఇంతకన్నా చవకగా వెళ్ళాలంటే ఈదుకుంటూ పోవాలండి బాబూ," అన్నాడు. ఇంకా తొందరగా వెళ్ళే టిక్కెట్లు లేవా అని అమ్మ మెల్లిగా అడిగింది. ఉన్నాయి గానీ ఆ ధరల్లో మా దగ్గరున్న డబ్బుకి ఒక్క మనిషే వెళ్ళగలడు. అమ్మ ఒక్కర్తీ ఎక్కడికీ వెళ్ళి ఎరగదు, రాజమండ్రికి కూడా. నాన్న అమ్మ మొహంలోకి చూశాడు. "ముగ్గురికీ వచ్చే చవకవే తీసుకోండి, వాడు అందర్నీ రమ్మన్నాడు," అంది అమ్మ. నాన్న డబ్బు మనిషిగా, నేను ఇంగ్లీషు మనిషిగా అమ్మ వెంట బయల్దేరేట్టు తేలింది.

వీసాలు వచ్చేశాయి. ఇక సామాను. అక్కడ అన్నీ ఖరీదని మామయ్య చెప్పడంతో నాన్న ఆ దేశంలో పైసా ఖర్చు పెట్టకుండా బతికే ఏర్పాట్లు చేశాడు. బియ్యం, కందిపొడి, జంతికలు, కొత్తావకాయ, అన్నీ పెట్టెల్లో సర్ది, కొట్లో కాటా మీద పెట్టి తూయించాడు. బరువు ఎక్కువైన ప్రతిసారీ అమ్మ తన చీర ఒకటి తీసేసేది గానీ ఆవకాయ జాడీ కదలనిచ్చేది కాదు. చివరికి అమ్మవి రెండు చీరలు మిగిలాయి. అక్కడ వేసవిలోనూ సాయంత్రాలు చలేస్తుందని కువైట్ బాబాయి భయపెట్టగా, రోహిణీ కార్తెలో, కరెంటు లేని మధ్యాహ్నం, అరువు తెచ్చిన స్వెట్టర్లూ మంకీ క్యాపులూ వేసుకుని కొలతలు చూసుకున్నాం. నాన్నకి చెమటకాయలు లేచాయి. థాంక్సుకి మామయ్య ఫోన్లో నేర్పిన "మెర్సీ" అనే ఫ్రెంచి మాట అలవాటు కావాలని నాన్న కొట్లో బేరమైన ప్రతివాడికీ మెర్సీ అని దండం పెట్టేవాడు. ఒక రైతు అదేదో జబ్బనుకుని, "మరేం పర్లేదులెండి, తగ్గిపోద్ది," అని ఓదార్చి వెళ్ళాడట.

అంతా కుదిరాక నానమ్మ పంచాంగం తీసింది. మా రైలు ఆదివారం. ఆదివారం పడమర శూల, అంటే ఆ దిక్కుకి ప్రయాణం కలిసిరాదు. బొంబాయీ పడమరే, గల్ఫూ పడమరే, ఫ్రాన్సూ పడమరే. "గురువారం మంచిది, ఆ రోజు బయల్దేరండి," అంది. చవక టిక్కెట్టు మార్చడానికి లేదని నాన్న మొత్తుకున్నాడు. "మార్చమని నేనన్నానా? ప్రస్థానం పెట్టుకోండి," అంది నానమ్మ. మంచిరోజున గడప దాటి, సామాను పక్కవాళ్ళింట్లో పెట్టి, అసలు రోజున అక్కణ్ణుంచే ప్రయాణమైపోవడం మా వైపు ఎప్పట్నుంచో ఉన్నదే. మామూలుగా ఓ తుండుగుడ్డ పంపిస్తే సరిపోతుంది. ఆ మాటే నాన్న అంటే, "కాశీకైతే గుడ్డ చాలురా. సముద్రాలు దాటేదానికి మనుషులే కదలాలి. ఒకసారి గడప దాటాక మళ్ళీ లోపలికొస్తే ఆ ప్రయాణం సాగదు," అంది. నేను కాలేజీ పిల్లని గనక పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు. "అత్తయ్యగారు చెప్పినట్టే చేద్దామండీ. ఎందులోనూ లోటు రాకూడదు," అంది.

అలా గురువారం పొద్దున్నే, కొబ్బరికాయ కొట్టి, వీధి వీధంతా చూస్తుండగా మేం ముగ్గురం ఫ్రాన్సుకి బయల్దేరి, రోడ్డు దాటి, ఎదురింటి పిన్నిగారి ముందుగదిలో దిగాం. (వీడ్కోలు చెప్పడానికొచ్చిన వాళ్ళు తిరిగి వెళ్ళాలో ఉండాలో తెలీక కాసేపు నిలబడిపోయారు.) మూడు పూటలా నానమ్మ మా ఇంటి గడప లోపల నిలబడి క్యారియర్ అందించేది, పిన్నిగారు అందుకుని తెచ్చేది. నాన్న కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోతే నానమ్మ దాన్ని దోటీ కర్రకి కట్టి కిటికీలోంచి అందించింది. దారినపోయే వాళ్ళు ఆగి, "ఫ్రాన్సు ఎలా ఉందండీ?" అని అడిగేవారు. నాన్నకి తలకొట్టేసినట్టుండి సందులోంచి కొట్టుకి పోయేవాడు. అమ్మ మాత్రం పెట్టె మీద కూచుని, రైలు ఎప్పుడొస్తుందా అన్నట్టు రోడ్డు వంక చూస్తూ ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఫోను మోగింది. వెంటనే నానమ్మ కేక. "అమ్మాయ్! మీ తమ్ముడే! ఫ్రాన్సు నుంచి!"

అమ్మ చెప్పులు లేకుండా కాలే రోడ్డు మీద పరిగెత్తింది. వెనకే నేను. గేటు తీసి, మెట్టెక్కి, గడప ముందు ఠక్కున ఆగిపోయింది. లోపల రిసీవర్ పట్టుకున్న నానమ్మ కూడా ఆగిపోయింది. ఆ తీగ కిటికీ దాకా రాదు.

"రావద్దు! గడప దాటకు!" అంది నానమ్మ. కానీ ఆ అరుపులో రోజూ ఉండే ధీమా లేదు. అమ్మ ఒక్క క్షణం గడప వంక చూసి, పక్కనున్న కిటికీ దగ్గరకి పోయి ఊచలు పట్టుకుంది. లోపలికెళ్తే తమ్ముడి మాట వినొచ్చు. వెళ్ళకపోతే తమ్ముణ్ణే చూడొచ్చు. అమ్మ చూడ్డమే కోరుకుంది.

"బాబూ, అక్క కిటికీ దగ్గరుంది. ప్రస్థానంలో ఉంది, లోపలికి రాకూడదు. నాకు చెప్పు, నేను చెబుతాను," అంది నానమ్మ. తరవాత కిటికీ వైపు తిరిగి, "ఎప్పుడు బయల్దేరుతున్నారంటున్నాడు."

"బయల్దేరిపోయామని చెప్పండి!"

"బయల్దేరిపోయారు బాబూ... ఎక్కడున్నారంటున్నాడు."

"ఎదురింట్లో అని చెప్పండి."

చెప్పింది. విని, "నవ్వుతున్నాడే," అంది.

"నవ్వాడా? ఏమైనా తిన్నాడా అడగండి, అత్తయ్యగారూ."

"ఏదో సూపంట."

"సూపు తిండేంటి! ఆవకాయ తెస్తున్నానని చెప్పండి. కొత్తది."

నానమ్మ చెప్పి, చాలాసేపు వింది. "బరువులు మొయ్యద్దంటున్నాడు. తొందరగా రమ్మంటున్నాడు," అంది. అంతలో లైను పోయింది. నానమ్మ "బాబూ, బాబూ" అని కాసేపు అరిచి ఫోను పెట్టేసింది. అమ్మ ఊచలు వదల్లేదు. "గొంతు ఎలా ఉందండీ?" అని అడిగింది.

"కాస్త జలుబు చేసినట్టుందంతే," అంది నానమ్మ.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ ఫోను మోగింది. ఈసారి నానమ్మ కేకెయ్యలేదు. కాసేపటికి తనే గడప దిగి, గేటు తీసుకుని, రోడ్డు దాటి మా దగ్గరకి వచ్చింది. పెట్టె మీద కూచున్న అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, ఇంటికి రా," అంది. అంతే అంది. అమ్మ లేచి, ఆవిడ వెంట రోడ్డు దాటి, గడప దాటి లోపలికి వెళ్ళింది. మా ఫ్రాన్సు ప్రయాణం అక్కడికి పూర్తయింది. మేం ఎంత పరిగెత్తినా కడసారి చూపుకి అందే దారి లేదు గనక మళ్ళీ ఎవరూ బయల్దేరలేదు. పెట్టెలన్నీ ఎదురింటి నుంచి మోసుకొచ్చాం. ఆ ఆవకాయ నాన్న తప్ప ఎవరూ ముట్టుకోలేదు. పారేస్తే దండగని ఆయన రోజూ కలుపుకునేవాడు, కళ్ళమ్మట నీళ్ళొస్తే ఈసారి కారం ఘాటెక్కువైందనేవాడు.

అమ్మ నానమ్మని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని నానమ్మకి ఉండేదనుకుంటాను. కానీ అప్పుడప్పుడూ, కూర తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో, "అత్తయ్యగారూ, వాడు ఇంకేమన్నాడండీ ఆ రోజు?" అని అడిగేది. మొదట్లో నానమ్మ ఉన్న నాలుగు మాటలే చెప్పేది. ఏడాది తిరిగేసరికి మామయ్య మా అందర్నీ పేరుపేరునా అడిగాడు. మరి కొన్నాళ్ళకి చిన్నప్పుడు అక్క కలిపి పెట్టిన పెరుగన్నం తలుచుకున్నాడు. అబద్ధమాడితే పళ్ళూడతాయని నన్ను బెదిరించిన మనిషి, పళ్ళన్నీ ఊడేదాకా ఆ సంభాషణని పెంచుతూనే పోయింది. ఆ వేళ కిటికీ దగ్గర నేనూ ఉన్నాను గనక, కొత్తగా చేరిన ముక్కలన్నీ నాకు తెలిసిపోయేవి. చాటుగా నవ్వుకునేదాన్ని.

నానమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అమ్మ నన్నడుగుతుంది. మొన్న వెళ్ళినప్పుడు కూడా, "నువ్వు నా పక్కనే ఉన్నావుగా, ఇంకేమన్నాడే?" అంది. నానమ్మ చెప్పినవన్నీ వరసగా చెప్పాను. చాల్లేదు, ఇంకా నా మొహంలోకే చూస్తోంది. "మనం దిగబోయే ఇల్లు తనే ఊడ్చి శుభ్రం చేసి ఉంచానన్నాడమ్మా," అన్నాను.

అమ్మకి కోపమొచ్చింది. "అంత నీరసంలో చీపురు పట్టుకోవడమేంటే! మీ నానమ్మైనా వద్దని చెప్పద్దూ?"

పంచాంగం చూసి పకపకా నవ్విన ఆ కాలేజీ పిల్ల గుర్తొచ్చి, దాని మీద నాకు నవ్వూ జాలీ కలిగాయి. "చెప్పిందమ్మా. మామయ్యే వినలేదు," అన్నాను.