గవోళ్లు

నా చిన్నప్పుడు తాండూరు బజారులో ఒక షావుకారు అందరికీ చెంబుతో నీళ్లిచ్చేవాడు, మాకు మాత్రం ఎత్తి దోసిట్లో పోసేవాడు. మేము గవోళ్లం కనుక.

గవి అంటే గుహ. ఊరి బయట వాగు ఒడ్డున, బండల కింద పెద్ద గవి ఉండేది. నాపరాళ్లు కొట్టే మావాళ్ల కాపురాలు అందులోనే. నేను బడి చదువు చదవలేదు. సొంతంగా అక్షరాలు కూడబలుక్కుని, నిఘంటువు తిరగేస్తే గవి దగ్గర గుహ అనే ఉంది. రోత అంతా బజారువాళ్లు కలిపిందే.

నిజాం పోయిన కొత్తలో, ఒక ఎండాకాలం, మా అమ్మమ్మతో ఉప్పు కోసం ఆ దుకాణానికి పోయాను. దాహానికి ఆగలేక చెంబు అందుకున్నాను.

"ఏయ్ గవోడా, ముట్టకు! గబ్బు వాసనొస్తవ్!"

"గబ్బిలం పగటి పూట తిరుగుతున్నదేందిరో," అన్నాడు బస్తా మీద కూర్చున్న ఒకడు. అందరూ నవ్వారు. నా కళ్ల ముందే ఆ చెంబును బూడిదేసి తోమించాడు షావుకారు. గడపలో కూర్చున్న అతని ముసలి తల్లి మొహం తిప్పుకుంది. మా అమ్మమ్మ మాత్రం, "ఉప్పు జర నిండ కొలువు కొడుకా," అంది. ఆ 'కొడుకా'కు నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ నన్ను గవి లోపలి మూలకు తీసుకుపోయి ఒక బండ చూపించింది. గత్తర వచ్చిన ఏడు, వాంతులు భేదులతో మనుషులు రాలిపోతుంటే, ఊరు ఊరంతా ఇళ్లు విడిచి ఈ గవిలోకే వచ్చిందట. ఆ షావుకారు పుట్టింది ఆ బండ మీదే. బొడ్డు కోసింది మా అమ్మమ్మే. గత్తర తగ్గాక ఇళ్లున్నవాళ్లు వెళ్లిపోయారు. ఇళ్లు కూలిన మావాళ్లు మిగిలిపోయారు.

"మరి ఆడనే ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

"ఆని తల్లి గడపల కూసున్నది గదరా. కన్నతల్లి ముంగట ఆని ఇజ్జత్ తీస్తనా?"

అమ్మమ్మ మంచితనం నాకు అబ్బలేదు. కానీ ఆమె మాట కోసం ఆ ముసలమ్మ బతికున్నన్నాళ్లూ నోరు కట్టుకున్నాను. అమ్మమ్మ పోయింది, తర్వాత ఆ ముసలమ్మా పోయింది. అప్పటికి నాకు మీసాలొచ్చాయి. ఒకరోజు నిండు దుకాణంలో నిలబడి, "సావుకారీ, నువ్వు యాడ పుట్టినవ్?" అని అడిగాను. తల దించుకుంటాడనుకున్నాను. చెంబు చేతికిస్తాడనీ అనుకున్నాను.

ఎవరినైనా నలుగురు ఒక పేరు పెట్టి నవ్వుతుంటే, ఆ పేరు మొదట ఎవరిదని ఈ వయసులోనూ అడుగుతుంటాను. ఆనాడు అతను బెల్లం తూకం ఆపకుండా చెప్పిన జవాబే దానికి కారణం.

"గవిలనే పుట్టిన. నాకు తెల్వదనుకున్నవా? ఊళ్లకు మర్లొచ్చినంక సుట్టుపక్కలోళ్లు మమ్ములనే గవోళ్లని నవ్విండ్రు. మీరు ఆడనే ఉంటిరి, గా పేరు మీకు తగిలిచ్చినం. మిమ్ముల అనకపోతే మమ్ముల అంటరు గదరా!"