లాకు దాకా వెళ్ళని పడవ

హారిస్‌డేల్‌లోని ఈ విశాలమైన ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళు తలుపులేసుకుని కూర్చున్నప్పుడల్లా, పడవలో కాపురం చేసిన ఆ రోజుల మీదికి నా మనసు పోతుంది. అప్పటికి మాకు పెళ్ళయిన కొత్త. ఈ ఆస్ట్రేలియాలోనే, మర్రే నది ఒడ్డున ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో మా ఆయన డాక్టరు. ఊళ్ళో అద్దెకు ఒక్క ఇల్లూ ఖాళీ లేక, ఒడ్డుకు కట్టేసి ఉన్న పాత హౌస్‌బోటులో దిగాం. "జస్ట్ టూ వీక్స్, ఇల్లు దొరికేస్తుంది" అన్నారాయన. దొరకలేదు. పడవ ఎంత ఇరుకంటే, నేను పోపు వేస్తే ఆయన మంచం మీద తుమ్మేవారు. (పెలికాన్ పక్షులు మాత్రం బంధువుల్లా వచ్చి, వంటయ్యేదాకా కదిలేవి కావు.)

ఆ డిసెంబరు ఎండల్లో కోనసీమ నుంచి మా అత్తయ్య వచ్చారు. డాక్టరు కొడుకు పడవలో ఉండటం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమోనని మేం హడలిపోయాం. ఆవిడేమో చెప్పులు చేత పట్టుకుని, బల్ల మీంచి చకచకా ఎక్కేసి, "ఒరేయ్, బంగారంలాంటి పడవ పెట్టుకుని ఇలా కట్టేసి కూర్చున్నారేవిట్రా!" అన్నారు. చిన్నప్పుడు దసరా సెలవులకు కాలువలో పడవ మీదే అమ్మమ్మగారింటికి వెళ్ళేవారట. లాకు దగ్గర తలుపులు మూసి నీళ్ళు వదిలితే, పడవ జనంతో సహా మెల్లగా పైకి లేచేదట. "బస్సులొచ్చాక పడవలు పోయాయే అమ్మాయ్. ఆ లేవడం ఇంకొక్కసారి చూస్తే చాలు నాకు" అన్నారు. మా నది మీద పై ఊరికి వెళ్ళే దారిలోనూ ఒక లాకు ఉంది. ఆవిడ తిరిగి వెళ్ళిపోయే ముందు వారాంతంలో మా ఆయనకు సెలవు దొరికింది.

ఇక చూడాలి సన్నాహాలు! పడవ పైకప్పు మీద వడియాలు ఎండాయి. పెలికాన్లను తోలే పని పక్క పడవలో ఉండే ఆస్ట్రేలియన్ అంకుల్ మీద పడింది ("నో వరీస్" అని అన్నందుకు ఆయన చేతికి చీపురొచ్చింది). లైఫ్ జాకెట్ల పెట్టెలోకి ఆవకాయ జాడీలు చేరాయి. స్టీరింగుకు పసుపూ కుంకుమా పడ్డాయి. మా ఆయన ఫోన్లో వీడియోలు చూసి ఇంజను బాగోగులు నేర్చుకున్నారు. "సింపుల్ అమ్మా, బేసికలీ ఇట్స్ లైక్ ఎ హార్ట్" అని తల్లికి ధైర్యం చెప్పారు.

ప్రయాణం రోజు పొద్దున్న కొబ్బరికాయ కొట్టి ఇంజను తిప్పితే, అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. "హార్ట్ ఆగిందిరా" అన్నారు అత్తయ్య. మెకానిక్కు మంగళవారం గానీ రానన్నాడు. ఆవిడ విమానం సోమవారం. మా ఆయన ముఖం చూడలేక నేను నది కేసి తిరిగాను.

కాసేపటికి అత్తయ్యే లేచారు. "పులిహోర ప్రయాణానికని చేశాను. దిగి తింటే ఊరుకోను" అంటూ పడవ ముందుభాగాన చాప పరిచారు. కూర్చున్నాం. వచ్చేపోయే పడవలకు చేతులూపాం. ఓ స్పీడుబోటు రేపిన అలలకు మా పడవ ఊగితే, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "కదిలిందే, కదిలింది!" అని కేకేశారు. అంకుల్ టోపీ పెట్టుకొచ్చి, ఒడ్డు మీంచి గంభీరంగా "టికెట్స్ ప్లీజ్" అన్నాడు. టికెట్టు బదులు పులిహోర పుచ్చుకున్నాడు. పొద్దు వాలేదాకా ఎవరమూ దిగలేదు.

మరుసటి నెలలో ఇంజను బాగుపడి మేమిద్దరం నిజంగానే లాకుకు వెళ్ళాం. తలుపులు మూసుకున్నాయి, నీళ్ళు పెరిగాయి, పడవ లేచింది. వీడియో కాల్లో అత్తయ్య కన్నార్పకుండా చూశారు. "బాగానే ఉందే. మనం వెళ్ళినప్పటంత లేదు గానీ" అన్నారు. "మనం ఎక్కడికి వెళ్ళాం అత్తయ్యా?" అని పకపకా నవ్వేశాను. అప్పటి నా బుద్ధి అంతే మరి.

ఇప్పుడు పిల్లలు "అమ్మా, బామ్మతో బోట్‌లో హౌ ఫార్ డిడ్ యూ గో?" అని అడుగుతుంటారు. చాలా దూరం వెళ్ళామని చెబుతాను, ఏమాత్రం తడబడకుండా.