సర్వర్‌లో జాగా చేసిన రోజు

మా మిషన్ దవాఖానాలో యూపీఎస్ బ్యాటరీ ఒక్కటే. ప్రార్థన కూటం ఉన్నప్పుడు అది పక్కనున్న చర్చి మైకుకు పోయేది, మిగతా రోజుల్లో నా సర్వర్ దగ్గర ఉండేది. రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో, సత్తుపల్లి అవతల అడవి మొదలయ్యే చోట, నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. కోపం నా ముక్కు మీదే ఉండేది. ఆ బ్యాటరీ కోసం దాన్ని కూటానికి మోసుకెళ్లే ఎక్స్‌రే తీసే అన్నతో పోట్లాడని వారం లేదు.

ఆ మధ్యాహ్నం బొగ్గు గనిలో డంపర్ నడిపే పెద్దాయన వచ్చాడు. కొత్త ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. "పాత ఎక్స్‌రేల గూడ ఇంతే ఉంటే ఎప్పుడో మానిన టీబీ మచ్చ, భయం లేదు. లేకపోతే వెంటనే హైదరాబాద్ పోవాలె" అంది డాక్టరమ్మ. పాత ఫిల్మును చెద తినేసింది. స్కాన్ చేసిన కాపీ సర్వర్‌లో ఉంది. సర్వరేమో జాగా లేదంటూ ఫొటోల ప్రోగ్రామే తెరవనంటోంది.

పనికిరాని ఫైళ్లన్నీ అప్పటికే తుడిచేశాను. ప్రోగ్రాం ఉన్న సీ డ్రైవ్ నిండిపోయింది, ఫొటోలున్న డీ డ్రైవ్‌లో ఖాళీ ఉంది. డీని కుదించి ఆ ఖాళీని సీకి కలపాలి. ముందుగా కాపీ తీసుకుందామంటే సీడీ రైటర్ పాడైంది. పని మధ్యలో కరెంటు పోతే ఫొటోలన్నీ గంగలో కలిసినట్టే. యూపీఎస్ ఉందన్న ధైర్యంతో బటన్ నొక్కాను.

పెద్దాయన స్టూల్ జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు. "ఏంది బిడ్డా, ఏం చేస్తున్నవ్?"

"జాగా చేస్తున్న బాపూ. ఈ అరను జరిపి ఆ అరకు కలుపుతున్న."

"నా ఛాతీల గూడ గట్ల చెయ్యరాదు?" అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

అంతలో బయట మబ్బు కమ్మింది. గాలి లేచింది. మా ఊరి లైనులో గాలి వీచిందంటే కరెంటు పోవాల్సిందే. ఎందుకో బల్ల కిందికి వంగి చూశాను. బ్యాటరీ చోట దుమ్ము మాత్రమే ఉంది. సర్వర్ వైరు నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి ఉంది.

"అన్నా! బ్యాటరీ ఏది?"

ఎక్స్‌రే అన్న ముఖం పాలిపోయింది. "రాత్రి కూటానికి తీస్కపోయిన చెల్లె. పొద్దుగాల పెడ్దామనుకున్న, మర్సిన."

"నీ కూటం పాడుగాను! ఇప్పుడు బ్యాటరీ తెచ్చినా, తగిలిద్దామని వైరు పీకితే అంతా పాయె!"

గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. అద్దాలు పగలకుండా కిటికీలు తెరిచిపెట్టడం మా దగ్గర అలవాటు. అన్న ఉరికి తెరిచాడు. నేల అదిరింది. ట్యూబ్‌లైటు ఆరి, మళ్లీ వెలిగింది. సర్వర్ ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

అన్న కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. నేనూ తిట్టడం మానేసి కళ్లు మూసుకున్నాను. ప్రభువా, ఆ పాత ఫొటో ఒక్కటి దక్కించు.

దక్కింది. పని పూర్తయిందని తెర మీద పడగానే అన్న "స్తోత్రం" అన్నాడు. నేను ఏడ్చేశాను. "జల్దీ చూపియ్ బిడ్డా, ఇంటికాడ ఎదురుచూస్తున్నరు" అన్నాడు పెద్దాయన. పాత ఫొటో ఒకవైపు, కొత్తది ఒకవైపు పెట్టాను. డాక్టరమ్మ వచ్చి నా వెనక నిలబడింది.

పాతదాంట్లో మచ్చ లేదు. ఎక్కడా లేదు. ఆ కరెంటేదో పోయుంటే బాగుండేది కదా అనిపించింది నాకు.

పెద్దాయనకు ఎక్స్‌రేలు చూడటం రాదు. శుభ్రంగా ఉన్న దాని మీద వేలు పెట్టి, "గిది మంచిగున్నది. గిదే కదా బిడ్డా ఇయ్యాల తీసింది?" అన్నాడు.