సోనాపూర్‌లో రోజూ మటనే

నేను తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్టు లేకుండా నా మాట నమ్మేవాళ్లు ఇంట్లోనూ లేరు, ఈ దుబాయ్‌లోనూ లేరు.

కరోనా నెమ్మదించాక, యాభై దగ్గరపడ్డ వయసులో, దూరవిద్యలో ఎమ్మేకు ఫీజు కట్టానని ఫోన్‌లో చెబితే మా ఆవిడ నవ్వింది.

"ఇదొక కథనా? పట్టా తెచ్చి సూపెట్టు, అప్పుడు నమ్ముత."

ఆ పట్టా నాకు ఉద్యోగానికి అక్కర్లేదు. నేను నిజమే చెప్పానని విశ్వవిద్యాలయం ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం మా ఇంటి గోడకు ఒక్కటైనా వేలాడాలి, అంతే.

పరీక్షలు ఎలాగో గట్టెక్కాను. మిగిలింది డిసర్టేషన్. గల్ఫ్ కార్మికుల తిండి అలవాట్ల మీద రాస్తానంటే హైదరాబాద్‌లో ఉండే గైడ్ మేడమ్ సరేనన్నారు. నేను ఒక బిల్డింగుల కంపెనీలో స్టోర్ కీపర్‌ని, బర్ దుబాయ్‌లో ఉంటాను. మా సైటు పనివాళ్లు సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటారు, అంతా మా జగిత్యాల వైపు వాళ్లే. ఇంతకంటే సులువైన పరిశోధన ఉండదనుకున్నాను.

ఒక సెలవునాడు వాళ్ల గదికి వెళ్లి, అందరి అనుమతీ తీసుకుని, ఫోన్ మధ్యలో పెట్టి రికార్డింగ్ నొక్కాను. అంతవరకు చారులో ఉప్పెక్కువైందని వంట వంతువాడిని తిడుతున్న మేస్త్రీ, ఫోన్ కనబడగానే గొంతు సవరించుకున్నాడు.

"మంచిగున్న. మటన్ తిన్న. పని అల్కగనే ఉంది, ఏం ఫికర్ చెయ్యకుండ్రి."

పక్కవాడు చేపలు తిన్నానన్నాడు. ఆ పక్కవాడు బిర్యానీ. తర్వాతి సెలవు నాడూ అదే వరస. సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది. ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు గనుక వీళ్లు ఏళ్లుగా మాటలు రికార్డు చేసి ఇంటికి పంపుతున్నారు. ఫోన్ ముందుకొస్తే చాలు, ఎదురుగా తల్లో పెళ్లామో కూర్చున్నట్టే. కూర్చున్నది నేనన్న సంగతే వాళ్లకు పట్టదు.

విన్నది విన్నట్టు రాసి పంపితే మేడమ్ ఆ అధ్యాయం తిప్పి పంపి, ఇది లేబర్ క్యాంపా, పెళ్లిభోజనాల పందిరా అని అడిగారు.

తిక్కరేగింది. నాకు చేతనైన విద్య ఒక్కటే గనుక దాన్నే బయటికి తీశాను. మళ్లీ వెళ్లి, ఫోన్ పెట్టి, ముందు నేనే మొదలుపెట్టాను. మా గదిలో ఒకే కోడిని రంజాన్ నుంచి బక్రీద్ దాకా వండుకున్నామనీ, తిన్నాక ఎముకలు కడిగి బాల్కనీలో ఆరేసి మర్నాడు మళ్లీ పులుసు పెట్టేవాళ్లమనీ చెప్పాను. నా కష్టం వింటే వాళ్లూ సిగ్గు విడిచి నిజం చెబుతారని ఆశ.

మేస్త్రీ నన్ను జాలిగా చూశాడు.

"నీకు ఎముకలన్న దొరికినయి గదా కాకా. మేము చేపకు దారం గట్టి పులుసుల ముంచి తీసెటోళ్లం."

ఇంకేముంది, పోటీ మొదలైంది. ఒకడు ఉల్లిగడ్డను కోయకుండా వాసన చూస్తూ అన్నం తిన్నాడట. ఇంకొకడు పక్క గది కూర గిన్నెల చప్పుడు వింటూ వట్టి ఖుబ్బూస్ రొట్టె నమిలాడట. ఇంతమంది ఘనులు ఒకే గదిలో ఉంటారని నేనెరగను.

అదీ రాసి పంపితే, పోయిన నెల పెళ్లి, ఈ నెల కరువు, ఏది నమ్మమంటారు అన్నారు మేడమ్. అప్పటికే రెండుసార్లు పొడిగించిన గడువు ఈ నెలాఖరుతో ఖలాస్.

చివరిసారి వెళ్లినప్పుడు ఫోన్ సంచిలోంచి తీయలేదు. ఏమీ అడగలేదు. ఉల్లిగడ్డలు కోసిచ్చి, వాళ్లతో కూర్చుని తిన్నాను. టమాట పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు. పప్పు బాగానే కుదిరింది. చూసింది చూసినట్టు రాస్తాను, పేర్లు పెట్టను అన్నాను. మేస్త్రీ కంచంలోంచి తల ఎత్తలేదు.

"పప్పని రాయకు కాకా. ఇంటికాడ మటనే అని చెప్పినం."

వచ్చి రాశాను. మేడమ్ చదివి, ఇప్పటికి కుదిరిందండీ అన్నారు.

అన్నం మీద ఒట్టేసినవాణ్ణి గనుక ఒప్పుకుంటున్నాను. ఆ ఆఖరి మాట కల్పించాను. మేడమ్ అనలేదు, అసలు నేను పంపందే! పప్పు అని కొడతాను, చెరిపి మటన్ అంటాను, మళ్లీ పప్పు. ఈ నెలాఖరు ఆగేట్టు లేదు.

నిన్న ఏం తిన్నావని మా ఆవిడ వాయిస్ పంపింది. ఫోన్ దగ్గరికి తీసుకుని, గొంతు సవరించుకుని, మటన్ అన్నాను.