వజ్రకెరటం తొమ్మిదో సంచిక: నాలుగు పేజీల కోసం ఉప్పాడ

“రేపే వచ్చెయ్యమ్మా. ఎల్లుండికి ఈ ఇల్లుంటుందో ఉండదో చెప్పలేను.” ఫోన్లో నూకరత్నం గారు ఈ మాట అన్నంత మామూలుగా మా ఇంట్లో పాలు విరిగాయని కూడా ఎవరూ చెప్పరు.

ఈ ప్రయాణానికి కారణం ఒక బొమ్మల పుస్తకం. పేరు ‘వజ్రకెరటం’. మా అమ్మ బడికి వెళ్ళే రోజుల్లో రాజమండ్రిలోనే ఒక చిన్న ప్రెస్సు వేసిన సూపర్ హీరో కామిక్. గోదారి అడుగున ఊపిరి పీల్చగల వీరుడి కథలు. పోయిన నెల పాత పుస్తకాల షాపులో దాని తొమ్మిదో సంచిక దొరికింది. అద్దెకిచ్చే షాపువాళ్ళు లావు దారంతో కుట్టి అట్ట వేసిన కాపీ. చేతులు మారి మారి నడిమి కాగితం ఊడిపోవడం అలాంటి పుస్తకాలకి మామూలే. నా దాంట్లోనూ సరిగ్గా ఆ నాలుగు పేజీలే లేవు. ముందు సగంలో వీరుడికి మడమల దాకా ఎర్రటి కేప్, మోచేతుల దాకా తొడుగులు, ఛాతీ మీద మెరుపు గుర్తు. వెనక సగంలో కేప్ లేదు, తొడుగులు లేవు, మెరుపు ఉన్నచోట చేప పొలుసుల్లాంటి అల్లిక. ఒకే పోరాటం మధ్యలో బట్టలు మారిపోయాయి! చివరి పేజీలో ‘బొమ్మలు: సూరి, ఉప్పాడ’ అని ఉంది. సూరి గారు ఎప్పుడో పోయారనీ, ప్రెస్సు తిరిగిచ్చిన అసలు బొమ్మలన్నీ ఆయన చెల్లెలు నూకరత్నం గారి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయనీ షాపాయన చెప్పి నంబరిచ్చాడు. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఒక్కచోట కుదురుగా ఉండని నాకు ఇంతకంటే సాకు అక్కర్లేదు.

అమావాస్య వెళ్ళిన మర్నాడు, పైగా అల్పపీడనం. ముందురోజు పోటుకే పెరటి గోడ పోయిందనీ, ఇవాళ తొమ్మిదిన్నర ప్రాంతంలో మళ్ళీ పోటు వస్తుందనీ నూకరత్నం గారు చెప్పారు. తెల్లవారుజామున నాలుగూముప్పావుకి రాజమండ్రి బస్టాండుకి చేరాను. కాకినాడకి నేరుగా వెళ్ళే బస్సు నా కళ్ళముందే మలుపు తిరిగింది. ఇంకో పావుగంటకి దొరికింది ధవళేశ్వరం, రామచంద్రపురం మీదుగా వెళ్ళేది. టికెట్టు వందలోపే గానీ ప్రతి ఊరినీ పలకరించే బస్సు. బ్యారేజీ గేట్ల మీద లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. రామచంద్రపురంలో డ్రైవరు గారు టీకి దిగి పది నిమిషాలు రాలేదు. కొబ్బరికాయల బస్తాల మధ్య కూర్చుని నేను ఫోన్లో గడియారం చూసుకుంటూనే ఉన్నాను. కాకినాడలో దిగేసరికి ఏడున్నర.

“ఉప్పాడకి ఎంతండి?” అనడిగితే ఆటో ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“ఇవాళా అండీ? బీచ్ రోడ్డు మూసేశారండి. పిఠాపురం మీంచి చుట్టూ తిరిగెళ్ళాలి. ఆరొందలవుద్దండి.”

“తొమ్మిదిలోపు చేరాలి.”

“ఆయ్, చేరుద్దామండి. సముద్రాన్ని ఆగమని మాత్రం నేను చెప్పలేనండి.”

ఆయన పేరు సత్తిబాబు. పిఠాపురం దాటాక అడిగాడు, “మీ చుట్టాలిల్లాండి పడిపోయేది?”

“కాదండి. ఒక బొమ్మల పుస్తకం కాగితాలున్నాయి అక్కడ.”

అద్దంలో నా మొహం చూశాడు. “బొమ్మలకా అండీ!” అన్నాడు.

వీధి మొదట్లో ఆటో ఆగేసరికి ఎనిమిదీ యాభై. ఆ వీధికి చివర అంటూ లేదు. ఒక ఇల్లు, సగం ఇల్లు, తర్వాత సముద్రం. ఆ సగం ఇంటికి ముందున్నది నూకరత్నం గారిది. అరవై దాటిన సన్నటి మనిషి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపల ఆవిడ కోడలు దుర్గ మగ్గం గుంటలో నిలబడి తాళ్ళు విప్పుతోంది. మగ్గం మీద ముప్పావు నేసిన జాంధానీ చీర ఉంది. అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని నాలుగు నెలలుగా నేస్తున్నది.

“వచ్చావా అమ్మా. పెట్టె అదిగో, వెనక గదిలో అటక మీదుంది,” అన్నారు నూకరత్నం గారు. “బియ్యం, గిన్నెలు మావాడు ట్రాక్టర్లో తీసుకెళ్ళాడు. రెండో తడవకి మగ్గం, పెట్టె అనుకున్నాం. రోడ్డు మూసేసరికి వాడు అవతలే చిక్కుకుపోయాడు, చుట్టూ తిరిగొచ్చేసరికి పోటొచ్చేస్తుంది.”

“రెండు నిమిషాలండి, ముందు పెట్టె దింపేస్తాను.”

“రెండు నిమిషాలంట!” దుర్గ తలెత్తకుండానే అంది. “దాని మీద ఇంకో రెండు పెట్టెలున్నాయండి. నిచ్చెన ట్రాక్టర్లో వెళ్ళిపోయింది.”

అప్పుడే వెనక గది గోడకి అల కొట్టింది. ఇటుకల సందుల్లోంచి నీళ్ళు చిమ్మి గచ్చు మీద పాకాయి. నేసిన చీర ఒక కర్రకి చుట్టి ఉంది, నేయాల్సిన పడుగు ఇంకో కర్రకి, మధ్యలో వేల దారాలు దూరిన అచ్చు. ఈ మూడూ బిగువు తప్పకుండా ఒకేసారి కదలాలి. ఎక్కడ వదులైనా దారాలు చిక్కుపడి నాలుగు నెలల పని పోతుంది. ఇద్దరి వల్ల అయ్యే పని కాదు.

“నీకు పెట్టే కావాలంటే వెళ్ళమ్మా, కాదనను,” అన్నారు నూకరత్నం గారు. “అన్నయ్యవి నాకూ అవే మిగిలాయి. కానీ మా ఇద్దరివల్లా ఇది లేవదు.”

నిజం చెప్పాలంటే నా కాళ్ళు వెనక గది వైపే తిరిగాయి. అటక మీద పచ్చ రంగు పెట్టె అంచు కనిపిస్తోంది. ఈలోగా ఆటో దగ్గరే ఉన్నాడనుకున్న సత్తిబాబు చెప్పులు విప్పి లోపలికొచ్చి ఒక కర్ర చివర పట్టుకున్నాడు.

“ఇటు నేనున్నానండి. ఆ మధ్యది మీరు పట్టుకోండి మేడమ్.”

పట్టుకున్నాను.

“పైకెత్తండి! వంచకండి!” దుర్గ అరుస్తోంది. “ఓ ఆటో ఆయనా, లాగకండి, తెగుద్ది!”

“నేను లాగట్లేదండి, మీ అత్తగారు తోస్తన్నారు!”

“నోరు మూసుకుని నడు నాయనా,” అన్నారు నూకరత్నం గారు.

గుమ్మం దగ్గర చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. అచ్చు బరువుకి వేళ్ళు తిమ్మిరెక్కాయి. వీధి దాటి, వాళ్ళ బంధువుల ఇంటి అరుగు ఎక్కేదాకా నలుగురం ఒకే అడుగు వేశాం. కర్రలు ఆనించామో లేదో, వెనక బస్తాలు దొర్లినట్టు చప్పుడు. నూకరత్నం గారు తిరిగి చూడలేదు.

“వెనక గదేనా?”

“గదేనండి,” అన్నాడు సత్తిబాబు. “అటకతో సహా.”

కాసేపటికి దుర్గ దారాలు చూసుకుని, తెగినవి పదకొండేననీ, ముడేసుకోవచ్చనీ చెప్పింది. బంధువులు టీ ఇచ్చారు. ఆ గ్లాసు పట్టుకుని నూకరత్నం గారు నా పుస్తకం పేజీలు తిప్పారు. కేప్ ఉన్న బొమ్మ దగ్గర ఆగారు.

“ఈ గుడ్డ మీద గొడవపడింది నేనే. మా వీధి పడవోళ్ళు నీళ్ళలోకి దూకేముందు భుజం మీది తువ్వాలు కూడా తీసి పక్కన పెడతారు. వీడేంటన్నయ్యా ఇంత పొడుగు గుడ్డతో దూకుతాడు, మునిగి చస్తాడు అన్నాను. మూడురోజులు నాతో మాట్లాడలేదు. అప్పటికే ముందు సగం ప్రెస్సుకి వెళ్ళిపోయింది, మార్చడానికి లేదు. అందుకని నడిమి పేజీల్లో ఆ గుడ్డని బ్యారేజీ గేటులో ఇరికించి, వాడి చేతే కోయించాడు. తొడుగులు కూడా అక్కడే పారేయించాడు.”

“మరి ఛాతీ మీద గుర్తు?”

ఆవిడ చీర అడుగుభాగం మెల్లగా తిప్పారు. కింద దారంతో కుట్టిన గళ్ళ కాగితం. నేసేటప్పుడు పువ్వు ఎక్కడ వేయాలో చూసుకునే కాగితం అది. దాని మీద నల్లసిరాతో పొలుసుల అల్లిక, మూలన సన్నటి అక్షరాలు: ‘వజ్రకెరటం 9, ఛాతీకి’.

“అన్నయ్య పోయాక పెట్టెలోంచి ఇదొక్కటే తీశాను. కొంగుకి బాగుంటుందని.”

నా చెయ్యి ఫోన్ వైపు వెళ్ళింది. దుర్గ అరచెయ్యి కాగితం మీద పడింది. “ఫోటో వద్దండి, ఏమనుకోకండి. వారం తిరిగేసరికి మరమగ్గం మీద ఇదే కొంగు వచ్చేస్తుంది.” కాగితం అడగడానికి నాకు నోరు రాలేదు. నూకరత్నం గారే అన్నారు, “నేత పూర్తయి చీర దిగేదాకా అది కదలదమ్మా.”

అందుకే ఈ పోస్టులో ఆ బొమ్మ లేదు. నా కాపీలో ఆ నాలుగు పేజీల చోటు ఇప్పటికీ ఖాళీయే. అక్కడ ఏం జరిగిందో మాత్రం నాకు తెలుసు. ఆ పూట మంచిపని చేశానని రాసుకోవడం తేలికే. కానీ సత్తిబాబు చెప్పులు విప్పకపోతే నేను అటకే ఎక్కేదాన్ని. తిరుగు దారిలో ఆయన మాట్లాడుకున్న ఆరొందలకి మించి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఒక్కటే అడిగాడు, “ఇంతకీ ఆ గుడ్డ కోశాక బాగా ఈదాడాండి?” పుస్తకం తీసి చూపించాను. ఆటో పక్కకి ఆపి మరీ చూశాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో ఉప్పాడ వెళ్ళాల్సొస్తే, బీచ్ రోడ్డు తెరిచి ఉందో లేదో ముందురోజే కనుక్కోండి. మూసి ఉంటే పిఠాపురం దారికి ఇంకో అరగంట వేసుకుని, నేరుగా వెళ్ళే మొదటి బస్సే ఎక్కండి. ఆ అరగంట నా చేతిలో ఉండుంటే పెట్టె కూడా అరుగు మీదికి వచ్చేది.